మా యార్కీ 4.4 కిలోలు తూగింది... అసలు జాతేనా? పోటీలకి పనికొస్తుందా?

కోనసీమ_కుర్రోడు (అమలాపురం)

అందరికీ నమస్కారం అండి. మా ఇంట్లో యార్క్‌షైర్ టెర్రియర్ ఉంది. మగది, పేరు బంటి, 14 నెలలు నిండాయి. తెచ్చినప్పుడు అరచేతిలో పట్టేది. అమ్మినాయన "ఎంత పెరిగినా రెండున్నర కిలోలు దాటదండి, నాదీ గ్యారంటీ" అన్నారు. మొన్న మా వీధి చివర కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా మీద కూర్చోబెడితే 4 కిలోల 400 గ్రాములు చూపించింది. పక్కనే ఉన్న మా బావగారు "ఇది క్రాస్ రా, నిన్ను నిలువునా ముంచారు" అని తేల్చేశారు.

ఏ జాతైనా బంటి మా బంటియే, అందులో మార్పు లేదు. కానీ అంత డబ్బు పోసి కొన్నాం కాబట్టి నిజం తెలుసుకోవాలని ఉంది. పైగా ఈ చలికాలంలో దాన్ని డాగ్ షోకి తీసుకెళ్లాలని మా చెల్లి ఎప్పటినుంచో ఆశ పడుతోంది. బరువు ఎక్కువుంటే అసలు రానివ్వరా? తిండి తగ్గించి బరువు దించొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

చెరువుగట్టు (భీమవరం)

మా ఆడది 3 కిలోల 900 ఉంది బ్రో. ఇదే పంచాయితీ మా ఇంట్లోనూ. టెన్షన్ పడకు, ముందు ఫొటోలు పెట్టు. పక్క నుంచి ఒకటి, ఎదురుగా ఒకటి. కాకినాడ మేడమ్ గారు చూస్తే వివరంగా చెప్తారు, ఆవిడ కుక్కల్ని షోలకి తిప్పుతారు.

రింగ్‌సైడ్ (కాకినాడ)

పిలిచారు కాబట్టి వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు బరువు సంగతి. ఈ జాతి పుట్టింది ఇంగ్లండులో. అక్కడి కెన్నెల్ క్లబ్ (జాతి కుక్కల సంఘం) ప్రమాణం 3.2 కిలోల వరకు అంటుంది, అంటే 7 పౌండ్లు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ కూడా 7 పౌండ్లు మించకూడదనే రాసింది. ఎఫ్‌సీఐ (కెన్నెల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య) వాళ్ల 86వ నంబరు ప్రమాణంలోనూ అదే 3.2. మూడింటిలోనూ పై హద్దు మాత్రమే ఉంది, కింది హద్దు లేదు. ఎత్తు ఇంత అని ఎక్కడా రాయలేదు. మామూలుగా భుజం దగ్గర 18 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటాయి.

ఆ లెక్కన బంటి హద్దు దాటింది. అంతమాత్రాన క్రాస్ అని ఎవరూ చెప్పలేరు. ప్రమాణం అనేది షో రింగులో జడ్జి పోల్చి చూసుకోవడానికి రాసుకున్నది. పుట్టుక తేల్చడానికి అది పనికిరాదు. తల్లీ తండ్రీ మూడు కిలోల లోపున్నా, వాటి పైతరాల్లో పెద్దవి ఉంటే ఒకే కాన్పులో రెండు కిలోలదీ పుడుతుంది, నాలుగున్నర కిలోలదీ పుడుతుంది. ఈ జాతికి మూలపురుషుడని అందరూ ఒప్పుకునే హడర్స్‌ఫీల్డ్ బెన్ అనే కుక్క 1865లో పుట్టి 1871లో బండి కింద పడి చనిపోయింది. అది ఈ 7 పౌండ్ల హద్దుకి బాగా పైనే ఉండేది. దానికి పుట్టిన పిల్లలు మాత్రం చిన్నగా వచ్చేవి. అందుకే దాని సంతానానికి అంత గిరాకీ. మూలంలోనే పెద్ద సైజు ఉన్నప్పుడు ఇప్పుడు అది అక్కడక్కడా బయటపడితే ఆశ్చర్యం ఏముంది?

జాతి లక్షణం కాటా మీద కనపడదు. మన గోదావరి జిల్లాల వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పుంజుని చేతిలోకి తీసుకుని ఈక, మెడ, కాలు చూసి డేగో నెమలో చెప్పే కళ్లు మనవి. ఇక్కడా అలాగే చూడాలి. వెంట్రుక సన్నగా, తిన్నగా, మెరుస్తూ ఉండాలి. అలలు తిరగకూడదు, ఉన్నిలా ఉండకూడదు. తల వెనక నుంచి తోక మొదలు దాకా ముదురు ఉక్కు నీలం రంగు, వెండి రంగు కాదు. ఛాతీ మీద నిండైన టాన్, అంటే బంగారు గోధుమ రంగు. ఆ టాన్ వెంట్రుక కుదురు దగ్గర ముదురుగా, మధ్యలో కాస్త తేలికగా, చివరికి ఇంకా లేతగా ఉండాలి. నీలంలో టాన్ వెంట్రుకలు కలిసిపోకూడదు. ముక్కు నలుపు, గోళ్లు నలుపు. చెవులు చిన్నగా, వి ఆకారంలో, నిలబడి ఉండాలి. నోరు మూసినప్పుడు పై ముందుపళ్లు కింది పళ్లని ఆనుకుంటూ వాటి ముందుకి దిగాలి. నడిచేటప్పుడు వీపు సమంగా ఉండాలి.

14 నెలలే కాబట్టి బంటి వీపు ఇంకా నల్లగా కనిపించొచ్చు. యార్కీలు నలుపు, టాన్ రంగులతో పుడతాయి. పూర్తి రంగు తేలడానికి రెండు మూడేళ్లు పడుతుంది. వీపు మీద వెంట్రుకల్ని పాయ తీసి చూడండి. కుదురు దగ్గర నీలం కలిసిన బూడిద రంగు, చివర్లు నలుపు ఉంటే రంగు మారుతోందన్నమాట.

షో గురించి తర్వాత చెప్తాను. ముందు రెండు ప్రశ్నలు. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లు ఉన్నాయా? మైక్రోచిప్ ఉందా?

కోనసీమ_కుర్రోడు (అమలాపురం)

మేడమ్ గారూ, చాలా థ్యాంక్స్ అండి. ఇప్పుడే పాయ తీసి చూశాం. మీరన్నట్టే కుదురు దగ్గర బూడిద రంగు, చివర నలుపు. మా చెల్లి ఎగిరి గంతేసింది. ముక్కు, గోళ్లు నల్లగానే ఉన్నాయి. కుడి చెవి నిలబడింది, ఎడమది కొస దగ్గర మడత పడుతుంది. గోడకి ఆనించి నిలబెట్టి, భుజం మీద అట్ట పెట్టి కొలిస్తే 24 సెంటీమీటర్లు వచ్చింది.

పేపర్లు లేవండి. "పేపర్లు కావాలంటే ధర వేరు" అన్నారు అప్పట్లో. వ్యాక్సిన్ కార్డు ఒక్కటే ఇచ్చారు. చిప్ లేదు.

తిండి అంటే పొద్దున పెరుగన్నం, రాత్రి చికెన్ కలిపిన అన్నం. మధ్యలో మా నానమ్మ ఏది తింటే అది. ఆత్రేయపురం నుంచి పూతరేకులు వస్తే దానికీ ఒక వాటా ఉంటుంది. ఇంకోటి, పరిగెత్తేటప్పుడు ఒక్కోసారి వెనక ఎడమ కాలు ఎత్తి నాలుగడుగులు గెంతి మళ్లీ మామూలుగా పరిగెడుతుంది. అది దాని అల్లరి అనుకుంటున్నాం.

పశువుల_డాక్టర్ (తణుకు)

అది అల్లరి కాకపోవచ్చు అండి. నాలుగడుగులు గెంతి మళ్లీ మామూలుగా నడవడం, ఈ చిన్న జాతుల్లో మోకాలి చిప్ప పక్కకి జారుతోందనడానికి మొదటి గుర్తు. దీన్ని పటెల్లర్ లక్సేషన్ అంటాం. ఒకటి నుంచి నాలుగు గ్రేడ్లుంటాయి. ఒకటో గ్రేడు అయితే బరువు అదుపులో పెట్టుకుని, తొడ కండ బలపడేలా రోజూ నడిపిస్తే చాలాసార్లు ఆపరేషన్ అవసరం రాదు. మూడు, నాలుగు అయితే ఆపరేషన్ ఆలోచించాలి. చేత్తో పట్టి చూస్తేనే తేలుతుంది కాబట్టి మీ దగ్గర్లో డాక్టరుకి చూపించండి. ఎక్స్‌రే, స్పెషలిస్టు కావాలంటే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

బరువు దించాలా అని అడిగారు. కాటా అంకె చూసి నిర్ణయించకండి. పక్కటెముకల మీద వేళ్లు ఆడించండి. గట్టిగా నొక్కకుండానే ఎముకలు ఒక్కొక్కటీ వేలికి తగలాలి. పై నుంచి చూస్తే నడుము దగ్గర కాస్త లోపలికి పోవాలి. అలా ఉంటే 4.4 దాని సొంత సైజు. ఎముకలు తగలకపోతే కొవ్వు పట్టిందని అర్థం. 24 సెంటీమీటర్ల ఎత్తున్న కుక్క ఎంత తగ్గించినా 3.2కి రాదు, రానివ్వకూడదు కూడా. షో కోసం పస్తు పెట్టడం అనే ఆలోచన ఈరోజే మానేయండి.

నానమ్మగారికి నా మాటగా చెప్పండి. పూతరేకుల్లో నెయ్యి, బెల్లం రెండూ ఉన్నాయి. యార్కీలకి పాంక్రియాస్ వాపు వచ్చే అవకాశం ఎక్కువ. ఒక్క పూట నెయ్యి ఎక్కువైనా వాంతులు, కడుపునొప్పితో ఆసుపత్రి పాలవుతాయి. ఆవిడ ప్రేమగా పెట్టాలనుకుంటే ఉడికించిన గుమ్మడికాయ ముక్కో కేరట్ ముక్కో పెట్టమనండి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ అసలు వద్దు.

మెడకి పట్టీ కట్టి గొలుసు లాగుతున్నారేమో, అది తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ కొనండి. వీటి శ్వాసనాళం మెత్తన, తొందరగా నొక్కుకుపోతుంది. ఎండలో తిరిగొచ్చాక గొంతు పట్టేసినట్టు గరగరమని పొడిదగ్గు వస్తోందంటే వెంటనే చూపించాలి. మన డెల్టా ఉక్కపోత వీటికి పెద్ద పరీక్ష. కుక్క వగరుస్తూ ఒళ్లు చల్లబరుచుకుంటుంది, గాలిలో తేమ ఉంటే ఆ చల్లదనం సరిగ్గా అందదు. వేసవిలో నడక ఏదైనా ఉదయం ఏడు లోపే అయిపోవాలి.

కొబ్బరిమొవ్వ (రాజోలు)

మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. నాకు టీకప్ యార్కీ కావాలి. కిలో, కిలోంపావు మించకూడదు. అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, చిన్నదైతే సులువు కదా అని. ఎవరి దగ్గరైనా ఉంటే రేటు చెప్పండి.

మోడరేటర్

ఇక్కడ కొనుగోలు, అమ్మకం పోస్టులు వద్దండి. రేట్లు ఎవరూ రాయొద్దు. సైజు గురించి అడగాలంటే అడగండి, జవాబులు ఇచ్చేవాళ్లున్నారు.

రింగ్‌సైడ్ (కాకినాడ)

కొబ్బరిమొవ్వ గారూ, టీకప్ అనే రకం ఏ కెన్నెల్ క్లబ్ పుస్తకంలోనూ లేదు. అది అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరు. బాగా చిన్నగా మిగిలిపోయిన పిల్లకి ఆ పేరు తగిలించి రెట్టింపు ధర చెప్తారు. రెండు, మూడు కిలోల మధ్య ఉన్నది మీ అపార్ట్‌మెంట్‌కి హాయిగా సరిపోతుంది.

అక్క_పాలకొల్లు

నేను రాయాలనుకోలేదు గానీ ఈ మాట చూశాక ఊరుకోలేకపోయాను.

మేము అలాంటిదే తెచ్చాం. ఊరి పేరు, మనిషి పేరు ఇక్కడ రాయను. "45 రోజుల పిల్ల, టీకప్, ఇంతకంటే పెరగదు" అని ఇచ్చారు. గుప్పెట్లో పెట్టుకుంటే గుండె కొట్టుకోవడం తెలిసేది. ఒక రాత్రి పాలు తాగలేదు, నిద్రమత్తు అనుకుని పడుకోబెట్టారు మా పిల్లలు. తెల్లారేసరికి మెడ వాల్చేసింది, ఒళ్లు చల్లబడింది, చిగుళ్లు తెల్లగా అయిపోయాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేసరికే ఆలస్యమైంది. రక్తంలో షుగర్ పడిపోయిందన్నారు. మా పాప చాలా రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

చిన్నదైతే ముద్దుగా ఉంటుందనుకుని దయచేసి తెచ్చుకోకండి తల్లీ.

పశువుల_డాక్టర్ (తణుకు)

అక్కగారూ, చదివి మనసు చివుక్కుమంది.

మిగతావాళ్లకి తెలియాలి కాబట్టి రాస్తున్నాను. ఇంత చిన్న పిల్లలకి ఒంట్లో నిల్వ ఉండే శక్తి చాలా తక్కువ. ఒక పూట తినకపోయినా, చలేసినా, ప్రయాణంలో బెదిరినా షుగర్ పడిపోతుంది. తూలడం, వణకడం, మెడ వాల్చడం కనిపిస్తే పంచదార నీళ్లో తేనో వేలితో చిగుళ్లకి రాసి వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూడు నెలలలోపు పిల్లకి రోజుకి నాలుగు సార్లన్నా తిండి పెట్టాలి.

ఇంకో విషయం. పిల్ల మరీ చిన్నగా ఉందంటే ఒక్కోసారి అది జబ్బు గుర్తు. పేగుల నుంచి కాలేయానికి వెళ్లాల్సిన రక్తం పక్కదారిన పోయే పుట్టుక లోపం ఒకటుంది, యార్కీల్లో ఇది ఎక్కువ. అలాంటి పిల్ల ఎదగదు, తిన్నాక మత్తుగా ఉంటుంది. దాన్నే టీకప్ అని అమ్మేస్తారు. నడినెత్తి మీద ఎముక కలవకుండా మెత్తగా ఉండిపోయేవీ ఉన్నాయి. మంచం మీద నుంచి దూకినా ప్రమాదమే.

మన దేశంలో కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. 45 రోజులంటే ఏడు వారాలు కూడా నిండలేదు. అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగడం కొనేవాళ్ల హక్కు.

కొబ్బరిమొవ్వ (రాజోలు)

ఇవేమీ తెలియదండి. అక్కా, మీకు జరిగింది చదివి కళ్లలో నీళ్లొచ్చాయి. నాకు మామూలు సైజుదే కావాలి. ఎనిమిది వారాలు దాటాక, తల్లిని కూడా చూశాకే తెచ్చుకుంటాను.

లంక_రైతు (ముక్తేశ్వరం దగ్గర)

ఆయ్, నమస్కారం అండి. నేను కుక్కల షోలు ఎరగను గానీ ఎలకల సంగతి ఎరుగుదును. ఈ కుక్కలు ముందు ఎలకలు పట్టేవని మా అబ్బాయి చెప్తే నమ్మలేదు. ఇంత జడలేసుకునేది ఎలకని పడుతుందా? మా వరిచేలో ఎలకలు దుబ్బులు కొరికి పారేస్తున్నాయి. వెదురు బుట్టలు పెట్టిస్తే కొంత నయం. నిజంగా పడితే ఒకటి తెచ్చుకుందామని.

రింగ్‌సైడ్ (కాకినాడ)

నిజమేనండి. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి నేత పనివాళ్లు యార్క్‌షైర్ మిల్లులకి వలస వచ్చినప్పుడు తమ చిన్న టెర్రియర్లని వెంట తెచ్చుకున్నారు. వాటి నుంచి పుట్టిన జాతి ఇది. మిల్లుల్లో ఎలకల్ని వేటాడటం వాటి పని. తర్వాత దొరల ఇళ్లలో చేరి జడలు పెరిగాయి. 1870 ప్రాంతంలో ఈ పేరు స్థిరపడింది.

బుద్ధి మాత్రం టెర్రియర్ బుద్ధే. రెండో ప్రపంచ యుద్ధంలో స్మోకీ అనే యార్కీ ఉండేది. 1944లో న్యూగినీ అడవిలో దొరికింది. బరువు 4 పౌండ్లు, అంటే 1.8 కిలోలు. ఎత్తు 7 అంగుళాలు. ఫిలిప్పీన్స్‌లో విమానాల రన్‌వే కింద 70 అడుగుల పొడవున్న సన్నటి గొట్టంలోంచి పాకి టెలిఫోను తీగ అవతలికి చేర్చింది. మనుషులతో అయితే రన్‌వే తవ్వి రోజుల తరబడి చేయాల్సిన పని అది. ఒళ్లు ఎంతుందని కాదు, ఆరోగ్యంగా పుట్టిన చిన్న కుక్క ఎంత పని చేస్తుందో చూడండి.

పశువుల_డాక్టర్ (తణుకు)

రైతు గారూ, పడుతుందన్నది నిజం. చేలో మాత్రం వదలకండి. మీ ప్రాంతంలో ఎలకలకి జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడయోలోన్ ఎరలు పెడతారు కదా. ఎర తిన్నా, ఎర తిని చచ్చిన ఎలకని కొరికినా కుక్క ప్రాణం మీదికి వస్తుంది. రెండోది ఎలక మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్. కాలవ నీళ్లు, దమ్ము చేసిన మడి, వర్షాకాలం ముంపు... డెల్టా అంతా దానికి అనువైన చోటే. కుక్కకీ వస్తుంది, మనిషికీ వస్తుంది. ఇంట్లో ఉండే యార్కీకైనా లెప్టో కలిసిన వ్యాక్సిన్ ఏటా వేయించండి. రేబిస్ సరేసరి.

లంక_రైతు (ముక్తేశ్వరం దగ్గర)

అర్థమైందండి. చేనికి బుట్టలే దిక్కు. మా మనవరాలు మాత్రం ఈ పోస్టులు చూసి తెమ్మని కూర్చుంది.

ఫెర్రీరోడ్ (యానాం)

ఒక డౌట్. చాక్లెట్ రంగు, బంగారు రంగు, తెలుపు-నలుపు కలిసిన యార్కీలని అరుదైనవని చెప్పి ఎక్కువ ధరకి ఇస్తున్నారు. వాటికి షోలో విలువ ఎక్కువా?

రింగ్‌సైడ్ (కాకినాడ)

తక్కువ కూడా కాదు, అసలు ఉండదు. ప్రమాణంలో ఉన్నది నీలం, టాన్ మాత్రమే. అమెరికాలో అయితే వేరే రంగు ఉంటే నేరుగా డిస్‌క్వాలిఫై. ఛాతీ మీద అంగుళం లోపు తెల్ల మచ్చని మాత్రం ఒప్పుకుంటారు. తెలుపు కలిసిన వాటి నుంచి జర్మనీలో 1984లో మొదలైన వంశం బీవర్ టెర్రియర్. అమెరికన్ కెన్నెల్ క్లబ్ దాన్ని 2021లో వేరే జాతిగా గుర్తించింది. అది యార్కీ రింగులోకి రాదు. పెంచుకోవడానికి ఏ రంగైనా ముద్దే. అరుదు అన్న మాటకి డబ్బు ఇవ్వకండి, అంతే.

ఇప్పుడు కుర్రోడికి షో సంగతి. మన దగ్గర జాతి కుక్కల రిజిస్ట్రేషన్ చూసేది చెన్నైలో ఆఫీసు ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. తల్లికీ తండ్రికీ రిజిస్ట్రేషన్ ఉండి, పెంచినవాళ్లు కాన్పుని నమోదు చేయిస్తే పిల్లలకి పేపర్లు వస్తాయి. ఛాంపియన్‌షిప్ షోల్లో ఆ పేపర్లే ఆధారం. "పేపర్లు కావాలంటే ధర వేరు" అనే మాట ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పేపరు అనేది కుక్కతో పాటే రావాలి.

పేపర్లు ఉన్నా బంటికి ఈ రింగులో కష్టమే. బరువు ఎక్కువైనంత మాత్రాన డిస్‌క్వాలిఫై అని రాసి లేదు. కానీ జడ్జి బల్ల మీద పెట్టి చేత్తో పట్టి చూస్తారు, పక్కన మూడు కిలోలవి నిలబడి ఉంటాయి. మోకాలి సంగతి సరేసరి, నడిపించినప్పుడు గెంతితే అక్కడితో అయిపోయింది. చెవి మడత కూడా లోపమే. చెవి కొసన మూడో వంతు వెంట్రుకలు గొరిగి చూడండి, ఆ బరువు తగ్గితే కొన్నిటికి నిలబడుతుంది. పిల్లప్పుడు చేయాల్సిన పని అది, అయినా నష్టం లేదు.

చెరువుగట్టు (భీమవరం)

మేడమ్, షో పోతే పోయింది. మా ఆడదానికి బంటితో జత కలిపితే? రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. మా చుట్టాల్లో నలుగురు పిల్లలు కావాలంటున్నారు. ఆడది కాస్త పెద్దగా ఉంటే కాన్పు సులువని విన్నాను.

రింగ్‌సైడ్ (కాకినాడ)

వద్దు. మోకాలి చిప్ప జారేదాన్ని మీరే ఆరోగ్యం అంటున్నారు. ఆ లోపం పిల్లలకి వస్తుంది. రెండూ హద్దు దాటినవే. వాటికి పుట్టేవాటిని యార్కీ అని ఇచ్చి, రేపు ఇంకొకళ్లు ఇక్కడికొచ్చి "నాది క్రాసా?" అని అడగడం అవసరమా?

చెరువుగట్టు (భీమవరం)

సైజు గురించి మీతో ఒప్పుకోలేనండి. మీరే అన్నారు బెన్ కూడా పెద్దదేనని. ఇంట్లో పెంచుకునేవాళ్లకి 4 కిలోల గట్టి కుక్క కావాలి. షోవాళ్లు చిన్నది చిన్నది అనబట్టే కదా ఈ టీకప్ గోల వచ్చింది?

రింగ్‌సైడ్ (కాకినాడ)

టీకప్ షోవాళ్ల నుంచి రాలేదు. జడ్జికి నడిచే కుక్క కావాలి, పళ్లన్నీ ఉండాలి, వీపు సమంగా ఉండాలి. కిలో కుక్కలు ఆ రింగులో నెగ్గలేవు. 1978లో అమెరికాలో వెస్ట్‌మిన్‌స్టర్ డాగ్ షో గెలిచిన సీడ్ హిగ్గెన్స్, 1997లో ఇంగ్లండులో క్రఫ్ట్స్ షో గెలిచిన ఆజ్‌మిలియన్ మిస్టిఫికేషన్ రెండూ యార్కీలే. ఎన్నో జాతుల్ని దాటి గెలిచాయంటే కదలిక, నిర్మాణం ఉండబట్టే.

పశువుల_డాక్టర్ (తణుకు)

కాన్పు విషయంలో భీమవరం ఆయన విన్నది అబద్ధం కాదు. మరీ చిన్న ఆడవాటికి ఆపరేషన్ కాన్పులు ఎక్కువ. కాబట్టి కాస్త పెద్ద ఆడదాన్ని జాతిలో ఉంచుకోవడం తప్పని నేననను. అయితే బంటిని వాడే ముందు మోకాలు తేలాలి. లోపం ఉంటే సైజు చర్చే అక్కర్లేదు, జత కలపకూడదు. చుట్టాలు అడిగారని కాన్పు చేయించడం మాత్రం నాకు నచ్చదు.

గోదారి_పిల్ల (ప్రస్తుతం హైదరాబాద్)

మాది మండపేట. ఉద్యోగం కోసం ఇక్కడున్నాను. కుర్రోడి చెల్లి కోసం రాస్తున్నాను.

షో అంటే అందాల రింగు ఒక్కటే కాదమ్మా. ఎజిలిటీ, ఒబీడియన్స్ ఉన్నాయి. వీటిలో జుట్టు, రంగు, బరువు ఎవరూ చూడరు. కుక్క చెప్పిన మాట వింటుందా, అడ్డంకులు తప్పు లేకుండా దాటుతుందా అనేదే లెక్క. ఎజిలిటీలో భుజం ఎత్తుని బట్టి విడదీస్తారు. ఎఫ్‌సీఐ పద్ధతిలో 35 సెంటీమీటర్ల లోపువన్నీ స్మాల్, అందులో దూకాల్సిన కర్ర ఎత్తు 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా. అమెరికాలో 11 అంగుళాల లోపు కుక్కకి 8 అంగుళాల కర్ర, అంటే 20 సెంటీమీటర్లు. బంటి ఎత్తే 24 కాబట్టి ఈ అమెరికా కొలతే దానికి న్యాయం. అక్కడ బార్న్ హంట్ అని ఇంకో ఆట ఉంది. గడ్డిమోపుల మధ్య గాలాడే గొట్టాల్లో ఎలకల్ని క్షేమంగా దాచిపెడతారు, కుక్క వాసన పట్టి చూపించాలి. రైతు గారికి ఇది నచ్చుతుందనుకుంటా.

ఇంకో లాభం. అమెరికాలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కని అందాల రింగులోకి రానివ్వరు, మగదానికి రెండు వృషణాలూ ఉండాలని షో నియమాల్లోనే ఉంది. ఎజిలిటీకి ఆ అడ్డు లేదు. మన దగ్గర ఇవి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి పెద్ద నగరాల్లోనే ఎక్కువ. పేపర్లు అడగని పెట్ షోలు మాత్రం చిన్న ఊళ్లలోనూ అప్పుడప్పుడు జరుగుతుంటాయి. వెళ్లేటప్పుడు రేబిస్ సర్టిఫికెట్ మర్చిపోవద్దు. రైల్లో అయితే ఏసీ ఫస్ట్ క్లాసు కూపే బుక్ చేసుకుంటేనే పక్కన కూర్చోబెట్టుకోనిస్తారు, లేకపోతే బ్రేక్ వ్యాన్‌లో వేయాలి. బ్రేక్ వ్యాన్‌లో యార్కీని వేయకండి. రాత్రి పూట కారులో వెళ్లడం మేలు.

అక్క_పాలకొల్లు

జుట్టు సంగతి ఎవరైనా చెప్పండి. మాకిప్పుడు రెండు కిలోల ఎనిమిది వందల యార్కీ ఉంది, ఆరోగ్యంగా ఉంది. కొబ్బరినూనె రాస్తే జిడ్డు, రాయకపోతే చిక్కు. మా బోరు నీళ్లు ఉప్పు.

రింగ్‌సైడ్ (కాకినాడ)

కొబ్బరినూనె మానేయండి. దుమ్ము అంటుకుంటుంది, అది నాకుతూ కూర్చుంటుంది. షోకి పెంచే జుట్టుకైతే తేలికపాటి కోట్ ఆయిల్ నీళ్లలో కలిపి చల్లుతాం. తర్వాత పాయ పాయకీ సన్నటి కాగితం మడతపెట్టి చుట్టి చిన్న రబ్బరు బ్యాండు వేస్తాం. ఒక్క కుక్కకి పాయలు చాలా అవుతాయి. రెండు మూడు రోజులకోసారి అన్నీ విప్పి, దువ్వి, మళ్లీ చుట్టాలి. బ్యాండు చర్మానికి తగిలి లాగితే అక్కడ జుట్టు ఊడిపోతుంది, అందుకే కుదురు దగ్గర వేలు దూరేంత వదులు ఉంచుతాను. ఇంగ్లండు షోల్లో ఆ జుట్టు నేలకి తగలకుండా ఎర్ర గుడ్డ కప్పిన పెట్టె మీద నిలబెడతారు.

మీకు అవేమీ అక్కర్లేదు. జుట్టు పొట్టిగా కత్తిరించండి. కింద వేరే ఉన్ని పొర లేని జుట్టు కాబట్టి పొట్టిగా చేస్తే దానికీ హాయి. బోరు నీళ్లతోనే స్నానం చేయించి, ఆఖరి కడుగు మాత్రం మినరల్ వాటర్ టిన్ను నీళ్లతో పోయండి. తేడా మీకే తెలుస్తుంది. వానాకాలంలో డ్రైయర్‌తో కుదురు దాకా ఆరబెట్టాలి, చెవుల వెనక, చంకల్లో ముఖ్యంగా. తడి మిగిలితే ఫంగస్ పడుతుంది.

కోనసీమ_కుర్రోడు (అమలాపురం)

అందరికీ దండాలండి. బంటిని డాక్టరు గారికి చూపించాం. ఎడమ మోకాలు ఒకటో గ్రేడు అన్నారు. ఆపరేషన్ వద్దు, బరువు 4 కిలోల దగ్గర నిలపమన్నారు. పక్కటెముకలు తగలాలంటే కాస్త నొక్కాల్సి వచ్చింది, అంటే కొవ్వు ఉంది. రెండు పాల కోరపళ్లు ఊడకుండా కొత్తవాటి పక్కనే ఉండిపోయాయట. అవి తీసేటప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించేద్దామని ఇంట్లో నిర్ణయించాం. చెరువుగట్టు అన్నా, ఏమీ అనుకోకు.

హార్నెస్ కొన్నాం. నానమ్మ ఇప్పుడు కేరట్ ముక్కలు కోసి డబ్బాలో పెట్టుకుంటోంది. బావగారికి హడర్స్‌ఫీల్డ్ బెన్ సంగతి చెప్పాను, చదివి ఒప్పుకున్నారు. పేపర్లు లేవు కాబట్టి ఛాంపియన్‌షిప్ షో ఆశ వదిలేశాం. చెల్లికి ఎజిలిటీ పట్టుకుంది. పెరట్లో వెదురు కర్రలు పాతుతానంటోంది. ఈ మోకాలితో దూకించొచ్చా?

చెరువుగట్టు (భీమవరం)

అనుకోవడానికేముంది తమ్ముడూ. మా దాని మోకాళ్లు కూడా చూపిస్తాను.

పశువుల_డాక్టర్ (తణుకు)

పళ్ల నిర్ణయం మంచిది. అలా వదిలేస్తే మధ్యలో తిండి ఇరుక్కుని చిగురు పాడవుతుంది. దూకడం మాత్రం బరువు తగ్గి, మత్తు ఇచ్చిన ఆపరేషన్ గాయం మానాకే. ముందు నడక, మెల్లగా మెరక ఎక్కడం. మీకు ఏటిగట్టు ఉంది కదా, అది చాలు. గెంతడం ఎక్కువైతే ఆపేసి చూపించండి.

గోదారి_పిల్ల (ప్రస్తుతం హైదరాబాద్)

డాక్టరు గారు సరే అన్నాక ఇలా మొదలుపెట్టండి. కర్రని నేల మీదే పడుకోబెట్టి దాటించండి, చిన్న చికెన్ ముక్క బహుమతి. అది తడబడకుండా దాటుతుంటే రెండు వైపులా ఇటుక పెట్టి 5 సెంటీమీటర్లు లేపండి. చాలా వారాలు 10 దాటొద్దు. కర్రని కట్టేయకూడదు, కాలు తగిలితే కింద పడిపోయేలా ఊరికే ఆనించాలి. సిమెంటు గచ్చు మీద వద్దు, ఇసుకో గడ్డో ఉన్న చోట పెట్టండి. ఒక్కసారికి ఐదు నిమిషాలు చాలు. గొట్టం, వంకర నడక, బల్ల మీద ఆగి కూర్చోవడం ఇవన్నీ దూకడం లేని ఆటలే, ముందు అవి నేర్పమని చెల్లికి చెప్పండి. గొట్టం కోసం కొనక్కర్లేదు, అడుగు వెడల్పు దాటిన పాత సిమెంటు తూము ఉంటే అంచులకి గోనెపట్టా చుట్టి వాడుకోవచ్చు.